అమ్మ గుమ్మం దాటాక: పసి మనసు మీద ఫ్రాయిడ్ వారసుల తగాదా

మా అక్క ఆరు నెలలు డల్లాస్‌లో ఉండి మొన్న వేసవిలో తిరిగొచ్చింది. కూతురి ప్రసూతి సెలవు అయిపోయింది, ఏడు నెలల పిల్లాణ్ణి డేకేర్‌లో వేయడానికి మనసొప్పక అమ్మను పిలిపించుకుంది. విజిటర్ వీసా మీద ఉన్నది ఆరు నెలలే. వాడికి పదమూడో నెల పడగానే అక్క విమానం ఎక్కేసింది. వచ్చిన రెండో రోజు వీడియో కాల్. వాడు ఫోన్‌లో అమ్మమ్మ మొహం చూశాడు, నవ్వలేదు. ఫోన్ లాక్కుని తిప్పి వెనక్కి చూశాడు. కవర్ మీద గోటితో గీకాడు. మళ్లీ తిప్పి చూశాడు. ఆ తర్వాత పదిహేను రోజుల పాటు ఎప్పుడు ఫోన్ చేసినా మొహం తిప్పుకుని పాక్కుంటూ వెళ్లిపోయేవాడు.

"నన్ను మర్చిపోయాడురా" అని అక్క దిగులు. "మర్చిపోతే పారిపోడు, అలిగాడు" అని బావ.

ఈ ఇద్దరిలో ఎవరిది సరైన మాట? అయినవాళ్లు కనబడకుండా పోతే పసివాడి లోపల ఏం జరుగుతుంది? మనోవిశ్లేషకులు, అంటే మనకే తెలియని కోరికలనూ భయాలనూ మనసు లోపల తవ్వి చూసే ఫ్రాయిడ్ దారివాళ్లు, వందేళ్లుగా పోట్లాడుకుంటున్నది దాదాపు ఇందుకే. పాఠ్యపుస్తకాలు తెరిస్తే ఫ్రాయిడ్ దశలు, ఎరిక్సన్ దశలు, మాలర్ దశలు అని పట్టికలు కనిపిస్తాయి. పరీక్ష రాసేవాళ్లకు అవి పనికొస్తాయి కానీ, ఈ సిద్ధాంతాలు ఒకదానితో ఒకటి ఎందుకు పడవో వాటి నుంచి అర్థం కాదు. నాకు పనికొచ్చిన కిటుకు ఒకటుంది. ఎవరు ఏ పిల్లల్ని, ఎక్కడ కూర్చుని చూశారు అని అడగడం. అది తెలిస్తే సగం చిక్కు దానంతటదే వీడిపోతుంది.

ఈ దారి వేసిన ఫ్రాయిడ్ కూర్చున్నది వియన్నాలో, సోఫా మీద పడుకున్న పెద్దవాళ్ల తల దగ్గర. వాళ్లు నలభై ఏళ్ల వయసులో చెప్పుకున్న జ్ఞాపకాలు, కలలు పట్టుకుని బాల్యాన్ని తవ్వి తీశాడు. 1905లో మొదలుపెట్టి పెంచుకుంటూ పోయిన ఆయన సిద్ధాంతంలో బిడ్డ అంటే ముందుగా కోరికల మూట. ఆ కోరిక మొదట నోటి చుట్టూ, తర్వాత విసర్జన చుట్టూ, ఆపైన జననాంగాల చుట్టూ తిరుగుతుంది. నాలుగైదేళ్ల వయసులో తల్లి మీద ప్రేమ, తండ్రితో పోటీ కలిసి ఈడిపస్ ముడిగా బిగుస్తాయి. అమ్మ మీద ప్రేమ ఎక్కణ్ణుంచి వచ్చింది అంటే, ఆకలి తీర్చింది కాబట్టి అని ఆయన జవాబు.

అయితే ఒక్కసారి మాత్రం ఫ్రాయిడ్ సోఫా వదిలి నేల మీది పిల్లాణ్ణి చూశాడు. మొదటి ప్రపంచ యుద్ధం రోజులు. కూతురు సోఫీ ఇంట్లో కొన్ని వారాలు ఉన్నాడు. మనవడు ఎర్నెస్ట్‌కు ఏడాదిన్నర. బుద్ధిమంతుడని ఇంట్లో పేరు, తల్లి గంటలకొద్దీ బయటికి వెళ్లినా ఏడ్చేవాడు కాదు. కానీ చేతికి దొరికిన చిన్న వస్తువునల్లా మంచం కిందికీ మూలల్లోకీ విసిరేస్తూ "ఓ... ఓ" అని సాగదీసేవాడు. అది "ఫోర్ట్" అని, అంటే జర్మన్‌లో "పోయింది" అని, తల్లీ తాతా ఇద్దరూ గ్రహించారు. ఒకరోజు వాడికి దారం కట్టిన చెక్క రీలు దొరికింది. దాన్ని తెర కట్టిన తన మంచం అంచు మీదుగా లోపలికి విసిరాడు, రీలు కనబడకుండా పోయింది, "ఓ...ఓ". దారం పట్టి లాగాడు, రీలు బయటికొచ్చింది. "డా!" అదిగో వచ్చింది!

మన దోబూచులాటకు ఇది అన్నదమ్ముడే. తేడా ఒక్కటే, దోబూచిలో మొహం దాచుకునేది పెద్దవాళ్లు, ఇక్కడ దారం పిల్లాడి చేతిలో ఉంది. అమ్మ వెళ్లిపోవడం వాడి చేతిలో లేదు. రీలును పంపించడం ఉంది. తనకు జరిగినదాన్ని తనే చేసి చూపిస్తున్నాడు అన్నాడు ఫ్రాయిడ్. ఆ వెంటనే ఇంకో మాట కూడా కలిపాడు: "పో, నాకేం అక్కర్లేదు, నేనే నిన్ను పంపించేస్తున్నా" అనే కసి కూడా అందులో ఉండొచ్చు. మా బావ చెప్పిన "అలిగాడు" ఇదే.

ఈ ఆట గురించి రాసిన పుస్తకం 1920లో అచ్చయింది. అందులో వింత ఏమిటంటే, రీలు రాకకన్నా పోక ఆటనే పిల్లాడు ఎక్కువసార్లు ఆడుకున్నాడని ఫ్రాయిడ్ గమనించి రాశాడు. సుఖం కోసమే మనసు పనిచేస్తుందని అప్పటిదాకా నమ్మినవాడికి ఇది మింగుడుపడలేదు. బాధను మళ్లీ మళ్లీ తెచ్చుకునే గుణం మనిషిలో ఉందన్న చర్చలోకే ఈ రీలును తెచ్చాడు. అక్కణ్ణుంచి ఆ పుస్తకం మృత్యు ప్రవృత్తి దాకా, అంటే మనిషిని నాశనం వైపు లాగే గుణం దాకా వెళ్లింది. ఆ ఆటకు అంత బరువు మోసే సత్తా ఉందా అంటే నాకు అనుమానమే.

ఆ దారాన్ని అందుకున్నది మెలనీ క్లైన్. ఆమె కూర్చున్నది పిల్లల ఆటగది నేల మీద. చిన్న చిన్న చెక్క బొమ్మలు, రైళ్లు, కాగితాలు, కత్తెర, నీళ్లు పెట్టుకుని, పెద్దవాళ్లకు మాటలు ఎలాగో పిల్లలకు ఆట అలాగ అని మొదలుపెట్టింది. 1930లో రాసిన ఒక కేసు చూడండి. డిక్ అని పేరు పెట్టి రాసిన నాలుగేళ్ల బాబు, మాటలు సరిగా లేవు, ఎవరు వచ్చినా పోయినా పట్టించుకోడు. క్లైన్ ఒక పెద్ద రైలు, పక్కన చిన్న రైలు పెట్టి, "ఇది నాన్న రైలు, ఇది డిక్ రైలు" అంది. వాడు చిన్న రైలును కిటికీ దాకా దొర్లించి "స్టేషన్" అన్నాడు. "స్టేషన్ అంటే అమ్మ, డిక్ అమ్మలోకి వెళ్తున్నాడు" అని చెప్పేసింది క్లైన్. ఇది చదివి నవ్వేవాళ్లున్నారు, చేతులెత్తి దండం పెట్టేవాళ్లున్నారు. బాబు మాత్రం ఆ రోజు నుంచి కదిలాడని ఆమె రాసింది.

క్లైన్ దృష్టిలో పుట్టిన నెలల నుంచే బిడ్డ లోపల భయంకరమైన నాటకం నడుస్తుంటుంది. పాలిచ్చే రొమ్ము మంచిది. ఆకలేసినా రాని రొమ్ము చెడ్డది. రెండూ ఒకే తల్లివని బిడ్డకు తెలియదు. చెడ్డదాన్ని కొరికి చీల్చాలని కోపం, అది తిరిగి తనను మింగేస్తుందని భయం. పూతన కథ విని పెరిగిన మనకు ఈ ఊహ మరీ కొత్తదేం కాదు: పాలూ విషమూ ఒకే రొమ్ములో. తొలి ఏడాది మధ్యకు వచ్చేసరికి బిడ్డకు ఒక సంగతి తెలిసొస్తుంది. తాను కసిదీరా కొరకాలనుకున్న ఆవిడ, ఒళ్లో వేసుకుని జోకొట్టే ఆవిడ ఒకరే. అప్పుడు కలిగేది భయం కాదు, దిగులు. అయ్యో, నా కోపంతో ఈమెను పాడుచేశానా అన్న బాధ, మళ్లీ బాగుచేయాలన్న తపన. దీనికి క్లైన్ డిప్రెసివ్ పొజిషన్ అని పేరు పెట్టింది. పేరు విని జబ్బు అనుకోవద్దు. ఆమె లెక్కలో మనిషికి ప్రేమించడం వచ్చేది అక్కడే. "దశ" అనకుండా "పొజిషన్" అనడంలో కూడా అర్థం ఉంది. దశ దాటిపోతుంది, ఇది దాటిపోదు. యాభై ఏళ్లవాళ్లం కూడా టెన్షన్ ఎక్కువైతే ఎదుటివాళ్లను దేవుడిగానో దెయ్యంగానో చీల్చి చూస్తాం. వాట్సాప్ ఫ్యామిలీ గ్రూపుల్లో ఆస్తి గొడవ మొదలైన రోజు గుర్తుచేసుకోండి.

క్లైన్‌లో నాకు ఇబ్బంది అనిపించేది ఒకటే. ఆ నాటకమంతా బిడ్డ తల లోపలే జరుగుతుంది. బయట ఉన్న అసలు తల్లి ఎలాంటిది, ఆమెకు ఒంట్లో బాగుందా, ఇంట్లో డబ్బుందా అన్నవి వెనక్కి పోతాయి.

ఫ్రాయిడ్ కూతురు అన్నా ఫ్రాయిడ్ దీన్ని ఒప్పుకోలేదు. పిల్లలకు అసలు అమ్మానాన్నలు ఇంకా ఇంట్లోనే ఉన్నారు, పెద్దవాళ్లకు చెప్పినట్టు లోతైన అర్థాలు చెప్పేయడం కాదు, ముందు వాళ్ల నమ్మకం సంపాదించాలి అని 1927 నుంచే ఆమె వాదన. 1938లో నాజీల బారి నుంచి తప్పించుకుని ఫ్రాయిడ్ కుటుంబం లండన్ చేరింది. అప్పటికే పన్నెండేళ్లుగా క్లైన్ అక్కడ ఉంది. ఒక ఒరలో రెండు కత్తులు. ఫ్రాయిడ్ మరుసటేడు పోయాడు, ఆ తర్వాత బ్రిటిష్ మనోవిశ్లేషణ సంఘంలో యుద్ధం నడుమ 1944 దాకా పెద్ద చర్చలు నడిచాయి. క్లైన్ సొంత కూతురు మెలిటా తల్లికి ఎదురు నిలబడింది. (క్లైన్ తన పిల్లల్ని తనే విశ్లేషించింది, ఫ్రాయిడ్ అన్నాను తనే విశ్లేషించాడు. ఇవాళ ఈ వృత్తిలో ఎవరూ ఒప్పుకోని పని.) ఒక సమావేశంలో అందరూ అరుచుకుంటుంటే డొనాల్డ్ విన్నికాట్ లేచి, "బయట బాంబుల దాడి జరుగుతోందని మనవి చేస్తున్నాను" అన్నాడని అక్కడున్న మార్గరెట్ లిటిల్ రాసింది. ఎవరూ వినిపించుకోలేదట. చివరికి సంఘం చీలకుండా క్లైన్ శిష్యులు, అన్నా శిష్యులు, ఎటూ చేరనివాళ్లు అని మూడు గుంపులుగా సర్దుకుంది.

ఆ బాంబుల రోజుల్లోనే అన్నా ఫ్రాయిడ్, డొరొతీ బర్లింగ్‌హామ్ కలిసి హాంప్‌స్టెడ్‌లో పిల్లల కోసం నర్సరీలు నడిపారు. బాంబులకన్నా తల్లి నుంచి విడిపోవడమే పిల్లల్ని ఎక్కువ దెబ్బతీస్తోందని అక్కడ కళ్లారా చూశారు. మొదట్లో నర్సులంతా పిల్లలందర్నీ చూసేవాళ్లు. తర్వాత కొద్దిమంది పిల్లలకు ఒక నర్సు చొప్పున చిన్న "కుటుంబాలు" చేశారు. అంతే, అప్పటిదాకా సద్దుచేయకుండా ఉన్న పిల్లలు ఏడుపులు, అసూయలు, "నా నర్సు" అని పెనుగులాటలు మొదలుపెట్టారు. దాంతోపాటే మాటలు, కొత్త అలవాట్లు కూడా జోరుగా వచ్చాయి. ఒకరిని గట్టిగా పట్టుకున్నాకే ఏడుపూ వచ్చింది, ఎదుగుదలా వచ్చింది.

విన్నికాట్ పిల్లల డాక్టర్. లండన్ ప్యాడింగ్టన్ గ్రీన్ ఆసుపత్రిలో దాదాపు నలభై ఏళ్లు, వేల మంది తల్లీబిడ్డల్ని చూశాడు. ఆయన కూర్చున్నది ఓపీ బల్ల వెనక. బల్ల అంచున నాలుక నొక్కి చూసే మెరిసే లోహపు చెంచా లాంటిది పెట్టేవాడు. తల్లి ఒళ్లో ఐదు నుంచి పదమూడు నెలల బిడ్డ. బిడ్డ చెయ్యి చాస్తుంది, అంతలో ఆగిపోతుంది. కళ్లు పెద్దవి చేసుకుని అమ్మ వైపూ డాక్టర్ వైపూ చూస్తుంది. ఎవరూ తొందరపెట్టకూడదు. కాసేపటికి నోట్లో చొల్లు ఊరుతుంది, ధైర్యం వస్తుంది, చెంచా నోట్లోకి పోతుంది. బల్ల మీద బాదుతుంది. తర్వాత పొరపాటున పడ్డట్టు కింద పడేస్తుంది. తీసిస్తే ఈసారి కావాలనే పడేస్తుంది. 1941లో రాసిన ఈ వ్యాసంలో ఏడు నెలల పాప ఒకతి ఉంది. చెయ్యి చాచి ఆగిపోయిన ఆ క్షణంలోనే ఆమెకు ఉబ్బసం వచ్చేది, చెంచా అందుకోగానే తగ్గేది.

మా ఇళ్లల్లో అన్నం తినిపించేటప్పుడు చెంచా పదిసార్లు కింద పడేసే పిల్లలకు "అల్లరి" అని ఒక్క మాటతో సరిపెడతాం. విన్నికాట్ ఆ పడేయడంలో ఫ్రాయిడ్ రీలును చూశాడు. వస్తువును వదిలించుకోగలగడం, అది పోయినా లోకం కూలిపోదని తెలుసుకోవడం అని.

"బిడ్డ అంటూ ఎవరూ లేరు" అన్నది ఆయన పేరుమోసిన మాట. బిడ్డ, బిడ్డను చూసేవాళ్లు కలిసి ఒక జత. జతలోంచి బిడ్డను విడదీసి చూడలేం అని. క్లైన్ దగ్గర నేర్చుకుని క్లైన్ వదిలేసిన అసలు తల్లిని ఆయన వెనక్కి తెచ్చాడు. అందులోనూ ఆదర్శ మాతృమూర్తిని కాదు, "సరిపోయేంత మంచి" తల్లిని. మొదట్లో బిడ్డ అడక్కముందే అందిస్తుంది, పోనుపోను కొంచెం కొంచెంగా ఆలస్యం చేస్తుంది. ఆ చిన్న ఆలస్యాల్లోనే బిడ్డ ఎదుగుతుంది. తల్లికి బిడ్డ మీద కోపం, విసుగు, ద్వేషం కూడా వస్తాయని చెప్పి అందుకు కారణాలు పద్దెనిమిది రాశాడు. అమ్మతనాన్ని గుడి కట్టి పూజించే మన సమాజంలో ఆ జాబితా తల్లులకు ఎంత ఊరటో.

అమ్మకూ లోకానికీ నడుమ బిడ్డ పట్టుకునే దుప్పటి ముక్క గురించి చెప్పినవాడూ ఆయనే. మన ఇళ్లల్లో అది అమ్మ పాత నూలు చీరతో కుట్టిన బొంత, ఉతికితే ఊరుకోరు, ఆ వాసన పోకూడదు. తల్లి పక్కనే పడుకునే పిల్లల్లో ఇలాంటి వస్తువులు తక్కువగా కనిపిస్తాయని ఇటలీ పల్లెల్లో చేసిన పరిశీలన చెప్పింది. పట్టుకోవడానికి అమ్మే ఉంటే బొంత ఎందుకు మరి.

అక్కకు నేను చెప్పింది మాత్రం విన్నికాట్ వేసిన ఒక లెక్క. అమ్మ లేకపోయినా ఆమె రూపాన్ని బిడ్డ కొన్ని నిమిషాలు లోపల నిలుపుకోగలదు. ఇంకొంచెం ఆలస్యమైతే రూపం చెదిరి ఏడుస్తుంది, అమ్మ వచ్చి దగ్గరికి తీసుకుంటే అతుక్కుంటుంది. అదీ దాటితే, అమ్మ తిరిగొచ్చినా అతుకు సరిగా పడదు. ఎన్ని నిమిషాలు, ఎన్ని రోజులు అన్నది వయసును బట్టి, పక్కన ఇంకెవరున్నారన్నదాన్ని బట్టి మారుతుంది.

అదే సంఘంలోని ఇంకో మనోవిశ్లేషకుడు జాన్ బౌల్బీ ఈ దారి నుంచి బయటికే నడిచి వెళ్లిపోయాడు. లండన్ సంపన్న కుటుంబం, పిల్లల్ని పెంచేది ఆయాలే. తనను పెంచిన ఆయా ఆయనకు నాలుగేళ్లప్పుడు పని మానేసి వెళ్లిపోయింది. పెద్దయ్యాక కూడా దాన్ని తల్లిని పోగొట్టుకోవడంతో సమానంగా చెప్పుకున్నాడు. శిక్షణలో క్లైన్ పర్యవేక్షణలో ఒక మూడేళ్ల బాబును చూస్తున్నప్పుడు, బాబు తల్లి తీవ్ర ఆందోళనలో ఉందని కనిపిస్తున్నా ఆమెతో మాట్లాడకూడదన్నారు. కొన్ని నెలలకు ఆ తల్లి మానసిక ఆసుపత్రిలో చేరింది. బౌల్బీకి అది మనసులో ముల్లులా దిగింది.

ఆయన చూసింది దొంగతనాలు చేసి పట్టుబడిన పిల్లల్ని. 1944లో 44 మంది గురించి రాశాడు. వాళ్లలో ఎవరితోనూ ముడిపడని 14 మందిలో 12 మంది చిన్నప్పుడు చాలాకాలం తల్లికి దూరమైనవాళ్లు. లెక్క చిన్నది, అసలు ఎవరూ లేకపోవడానికీ ఉన్నవాళ్లను పోగొట్టుకోవడానికీ తేడా చూడలేదని మైకేల్ రట్టర్ 1972లో గట్టిగానే విమర్శించాడు. కానీ బౌల్బీ సహచరుడు జేమ్స్ రాబర్ట్‌సన్ 1952లో చూపించిన సినిమాకు ఎవరి దగ్గరా సమాధానం లేకపోయింది. రెండేళ్ల ఐదు నెలల లారా, బొడ్డు హెర్నియా ఆపరేషన్ కోసం ఎనిమిది రోజులు ఆసుపత్రిలో ఉంది. అప్పట్లో తల్లిదండ్రులు పక్కన ఉండే వీల్లేదు. లారా పెద్దగా ఏడవదు. మధ్య మధ్యలో అమ్మ కావాలంటుంది, మళ్లీ మొహం బిగబట్టుకుంటుంది. అమ్మ చూడ్డానికి వస్తే మొహం తిప్పుకుంటుంది. నర్సులు అలాంటి పిల్లల్ని "సర్దుకున్నారు" అనేవాళ్లు. రాబర్ట్‌సన్ దానికి వేరే వరస చెప్పాడు: మొదట గోల, తర్వాత దిగులు, ఆ తర్వాత తెంచుకోవడం. సర్దుకోవడం అనుకున్నది మూడోది. డాక్టర్లు సినిమా చూసి మండిపడ్డారు. 1959లో ప్రభుత్వం వేసిన ప్లాట్ కమిటీ మాత్రం పిల్లల వార్డులకు తల్లిదండ్రుల్ని రానివ్వాలని సిఫారసు చేసింది.

అమ్మ మీద ప్రేమ పాల నుంచి పుట్టిందన్న ఫ్రాయిడ్ మాటను బౌల్బీ తోసేశాడు. తిండితో పనిలేకుండా తల్లిని అంటిపెట్టుకునే బాతు పిల్లల మీద లొరెంజ్, కోతి పిల్లల మీద హార్లో చేసిన పనిని ఆసరా చేసుకుని, దగ్గరితనం దానంతటదే ఒక అవసరం, ఆకలికి తోక కాదు అన్నాడు. మనోవిశ్లేషకులు ఆయన్ని దాదాపు వెలివేశారు. 1960లో అన్నా ఫ్రాయిడ్ కూడా విమర్శ రాసింది, బౌల్బీ చెబుతున్నది బిడ్డ ప్రవర్తన గురించే కానీ బిడ్డ మనసు గురించి కాదని. ఆ విమర్శలో పస లేదని నేను అనలేను.

ఆయనతో పనిచేసిన మేరీ ఐన్స్‌వర్త్ కంపాలా చుట్టుపక్కల ఉగాండా పల్లెల్లో 26 కుటుంబాల్ని చూసి, తర్వాత బాల్టిమోర్‌లో ఇరవై నిమిషాల పరీక్ష ఒకటి కట్టింది. తల్లి గది బయటికి వెళ్తుంది, వస్తుంది. ఆమె ముఖ్యంగా చూసింది ఏడుపు కాదు, తల్లి తిరిగొచ్చినప్పుడు బిడ్డ ఏం చేస్తుందో. కొందరు ఏడ్చి, ఎత్తుకోగానే ఊరుకుంటారు. కొందరు ఎత్తుకున్నా కాళ్లు తన్నుకుంటారు. కొందరు అసలు ఏడవరు, తల్లి వచ్చినా బొమ్మ వైపే చూస్తారు. ఈ మూడోవాళ్లు ప్రశాంతంగా ఉన్నారనుకున్నారు. తర్వాతి పరిశోధనల్లో గుండె కొలిస్తే, అది దడదడ కొట్టుకుంటూనే ఉంది.

ఎరిక్సన్, మాలర్ల గురించి రెండు ముక్కలు చాలు. తొలి ఏడాది పని లోకం మీద నమ్మకం కుదరడమే అని ఎరిక్సన్ 1950లో అన్నాడు. మాట చక్కగా ఉంది, లోపల ఎలా కుదురుతుందన్నది క్లైన్ దగ్గరే వెతుక్కోవాలి. మార్గరెట్ మాలర్ బిడ్డ మొదట తల్లితో ఒకటిగా కలిసి ఉండి నెమ్మదిగా విడివడుతుందని చెప్పింది. వీడియోలు పెట్టి క్షణక్షణం చూసిన డేనియల్ స్టెర్న్ 1985లో, బిడ్డ మొదటి నుంచే తాను వేరు అని ఎరుగును అని దాన్ని సగం కొట్టేశాడు. నడక వచ్చాక పిల్లలు దూరంగా పరుగెత్తి, భయపడి, మళ్లీ వచ్చి అమ్మ కొంగు పట్టుకుంటారన్న మాలర్ వర్ణన మాత్రం ఏ ఇంట్లో చూసినా నిజమే.

ఇవన్నీ వియన్నా, లండన్, అమెరికా ఇళ్ల కథలు కదా అన్న అనుమానం మనవాళ్లకు మొదట్లోనే వచ్చింది. కలకత్తాలో 1922లో మనోవిశ్లేషణ సంఘం పెట్టిన గిరీంద్రశేఖర్ బోస్, ఈడిపస్ విషయంలో తన రోగుల్లో కనిపిస్తున్నది వేరని ఫ్రాయిడ్‌కే ఉత్తరాలు రాశాడు. సుధీర్ కకర్ 1978లో రాసిన పుస్తకంలో, మన మగపిల్లాడు అమ్మ ఒడిలో చాలాకాలం ఉండి, ఐదేళ్ల ప్రాంతంలో ఒక్కసారిగా మగవాళ్ల లోకంలోకి నెట్టబడతాడని, అది రెండో పుట్టుకలాంటిదని అన్నాడు. పుట్టింట్లో కాన్పు, అమ్మమ్మ చేతి స్నానం, పిన్ని చంక, పక్కింటి అవ్వ ఒడి మధ్య పెరిగిన తరానికి "తల్లి" అంటే ఒకరా పదిమందా అన్నది ఈ సిద్ధాంతాలు చాలాకాలం సరిగా అడగని ప్రశ్న. డల్లాస్ అపార్ట్‌మెంట్‌లో ఆ పదిమంది స్థానంలో ఆరు నెలల వీసా మీద ఒక్కరే ఉంటారు.

మా అక్క మనవడి దగ్గరికి ఈ పెద్దలందరినీ తీసుకొస్తే ఏమంటారు? మొహం తిప్పుకోవడం మర్చిపోవడం కాదని అందరూ ఒప్పుకుంటారు. క్లైన్ వాడి కోపాన్ని, ఆ కోపంతో అమ్మమ్మను పాడుచేశానన్న భయాన్ని వెతుకుతుంది. విన్నికాట్ పక్కన అమ్మ ఎలా ఉందని అడుగుతాడు. బౌల్బీ అయితే నేరుగా విమానం టికెట్టు సంగతి అడుగుతాడు: ముందుగా చెప్పి, ఇంకొకరికి అలవాటు చేసి వెళ్లారా, లేక వాడు నిద్రపోయినప్పుడు వెళ్లిపోయారా? వాడు నిద్రపోయాకే బయల్దేరానని అక్క ఒప్పుకుంది, ఏడుస్తాడని. మనం అందరం చేసేదే.

నాకు మాత్రం ఫ్రాయిడ్ ఒక మూల చెప్పిన చిన్న సంగతే గుర్తొచ్చింది. చీకటి గదిలో మూడేళ్ల పిల్లాడు పక్క గదిలోని పిన్నిని పిలిచి, "పిన్నీ, మాట్లాడు, చీకటిగా ఉంది, భయమేస్తోంది" అంటాడు. "నేను కనబడను కదా, మాట్లాడితే ఏం లాభం?" అని ఆమె. "ఎవరైనా మాట్లాడితే వెలుతురొస్తుంది." అక్క అప్పట్నుంచి వీడియో మానేసి, రోజూ వాడు పడుకునే వేళకు, తను అక్కడ పాడిన పాటే ఫోన్లో పాడుతోంది. పదహారో రోజున పాకుతున్నవాడు ఆగి వెనక్కి చూశాడట.

రీలు ఆడిన ఎర్నెస్ట్ సంగతి కూడా చెప్పాలి. వాడికి ఆరేళ్లు నిండకముందే, 1920 జనవరిలో, తల్లి సోఫీ ఫ్లూతో చనిపోయింది. పిల్లాడు దుఃఖం చూపించలేదని తాత ఫుట్‌నోట్‌లో రాశాడు. ఫ్రాయిడ్ మనవళ్లు, మనవరాళ్లలో మనోవిశ్లేషకుడైంది ఆ ఒక్కడే. తండ్రి ఇంటిపేరు వదిలి ఫ్రాయిడ్ అని మార్చుకున్నాడు, పిన్ని అన్నా ఫ్రాయిడ్ దగ్గర పనిచేశాడు. పెద్ద వయసులో నెలలు నిండకుండా పుట్టిన పిల్లల ఐసీయూలకు వెళ్లి, అద్దాల పెట్టెలో ఉన్న బిడ్డకూ బయట నిలబడ్డ తల్లికీ మధ్య ఉన్న దూరం గురించి రాశాడు.